వ్యాగన్‌మాస్టర్ అంటే బండి పార్ట్ కాదు సార్, సీడీ

అమెరికా నుంచి తెప్పించుకున్న పోర్టర్ వ్యాగనర్ సీడీ 'వ్యాగన్‌మాస్టర్' ఇవాళ మధ్యాహ్నమే చేతికొచ్చింది. చింపిన ప్లాస్టిక్ ఇంకా టేబుల్ మీదే ఉంది, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పోర్టర్ వ్యాగనర్ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లెటూరి బాణీ పాటలు, పాడే గాయకుడు. 1967లో గాయని డాలీ పార్టన్‌ని తన టీవీ షోలోకి తెచ్చి ఊరందరికీ చూపించినాయన, ఒంటినిండా తళుకురాళ్లు కుట్టిన కోట్లు వేసుకునేవాడు. పెద్ద కంపెనీల రోజులు ఎప్పుడో అయిపోయాక 2007 జూన్‌లో, ఎనభై నిండటానికి రెండు నెలల ముందు, 'వ్యాగన్‌మాస్టర్' అని ఆల్బం వేశాడు. వేసింది ఒక చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ), పేరు యాంటీ (ఆంటీ కాదు!), పంక్ కుర్రాళ్ల రికార్డులు వేసే ఎపిటాఫ్‌కి చెల్లెలు లాంటిది. ప్రొడ్యూసర్ మార్టీ స్టువర్ట్, ఆయనా కంట్రీ గాయకుడే. జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వైట్ స్ట్రైప్స్ అనే రాక్ బ్యాండ్ కంటే ముందు స్టేజ్ ఎక్కాడు, అక్టోబర్ 28న పోయాడు. నాష్‌విల్‌లో రెండేళ్లు ఆన్‌సైట్ ఉన్నప్పుడు పట్టిన పిచ్చి నాకిది. ఫోన్లో వినొచ్చు కదా అని మా ఆవిడ ఇప్పటికి నలభైసార్లు అనుంటుంది. వింటున్నానమ్మా, కానీ ఆ బుక్‌లెట్ చేత్తో పట్టుకుని చదవాలి నాకు.

ఆర్డర్ పెట్టడం, డబ్బులు కట్టడం పది నిమిషాల పని. పార్సిల్ ఇండియాకి రావడం కూడా చకచకా అయిపోయింది.

ఇక్కడి కస్టమ్స్‌లో ఆగింది. ఆరు రోజులు ట్రాకింగ్‌లో అదే లైను. ఫోన్ చేస్తే కేవైసీ అన్నారు, ఆధార్ పెట్టా, పేరు మ్యాచ్ అవ్వలేదన్నారు. అవ్వదు మరి, ఆధార్‌లో నా పేరు ఇంటిపేరుతో కలిపి నాలుగు ముక్కలు, అమ్మినాయన రెండే రాశాడు. సర్లే అని లెటర్ రాసిచ్చా. అప్పుడు అసలు బాంబు పేల్చారు, మీ ఐటమ్ ఆటోమొబైల్ స్పేర్ అని పడింది, ఆఫీసుకి రండి అని. ఆ మహానుభావుడు ఫారం మీద 'వ్యాగన్‌మాస్టర్, 1' అని రాసి వదిలేశాడంట, సీడీ అన్న మాటే లేదు!

కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "ఏ బండి సార్?" అన్నాడు. బండి కాదు బాబూ, పాటలు అన్నా. "పాటలకి వ్యాగన్ ఎందుకు సార్?" వెనక లైన్లో ఇద్దరు నవ్వారు. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, ఎన్ని క్లయింట్ కాల్స్‌లో నెట్టుకొచ్చానో, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. చివరికి ఫోన్ తీసి ఇదిగో ఇదే అని ఓ పాట పెట్టా, వాల్యూమ్ ఫుల్‌గా ఉందని చూసుకోలేదు. హాలంతా ముసలాయన గొంతు. సెక్యూరిటీ అతను లోపలికి తొంగిచూసి "ఎవరు సార్, తాగేసి ఏడుస్తున్నాడా" అన్నాడు. లోపల్నించి మేడమ్ గారు వచ్చి దేని గురించి ఈ పాట అని అడిగారు. నేను పెట్టింది 'కమిటెడ్ టు పార్క్‌వ్యూ', జానీ క్యాష్ అనే ఇంకో కంట్రీ గాయకుడు రాసింది, నాష్‌విల్‌లో ఆ పేరుతో ఉన్న మానసిక ఆసుపత్రి గురించి, క్యాష్, వ్యాగనర్ ఇద్దరూ అక్కడ ఉండి వచ్చినవాళ్లే. ఇదంతా ఎక్కడ చెప్పను? "మెంటల్ హాస్పిటల్ గురించండీ" అన్నా. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా ఓసారి చూసి, కుర్రాడితో "ఇచ్చి పంపించు" అన్నారు.

ఇచ్చి పంపించలేదు లెండి. కార్డు స్టేట్‌మెంట్ అడిగారు, డ్యూటీ కట్టమన్నారు, ఇంకో నాలుగు రోజులు తిప్పారు. బయట నుంచుని "నేను చూస్కుంటా సార్" అనే ఏజెంట్లకి మాత్రం పైసా ఇవ్వకండి, వాళ్లు చేసేది మీ కాగితాలు మీకంటే నెమ్మదిగా మోసుకెళ్లడమే. అమ్మేవాడికి ముందే మెసేజ్ పెట్టండి, మ్యూజిక్ సీడీ అని రాయమనండి, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా రాయమనండి, మన మీద జాలిపడి గిఫ్ట్ అని మాత్రం రాయొద్దనండి.

కేస్ మూత పగిలొచ్చింది. బుక్‌లెట్ బానే ఉంది.

మరో కంట్రీ గాయకుడు మెర్ల్ హ్యాగార్డ్ 2000లో ఇదే యాంటీలో వేసిన 'ఇఫ్ ఐ కుడ్ ఓన్లీ ఫ్లై' నిన్న రాత్రే ఆర్డర్ పెట్టా. పేరులో ఫ్లై ఉంది, ఈసారి విమానం పార్ట్ అంటారేమోనని భయంగా ఉంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.