అరువు ఉపగ్రహం, కోళ్ల జాలీ గొడుగు

మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్ట అని ఇప్పుడు ఏ పిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. 1975 ఏప్రిల్ 19న రష్యా వాళ్ల రాకెట్ మీద వెళ్లింది. బరువు 360 కిలోలు. రెండు రూపాయల నోటు వెనక దాని బొమ్మ కూడా వేశారు. మన బడికి మాత్రం దాంతో పని పడలేదు. మనకు అక్కరకొచ్చింది అమెరికా నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం. దాన్ని ఏడాది పాటు మనకు వాడుకోనిచ్చారు. దాని ద్వారా ఊళ్లకు టీవీ చూపించే కార్యక్రమానికి ఇస్రో 'సైట్' అని పేరు పెట్టి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు ఏరితే, అందులో పాలమూరు జిల్లా నుంచి మన ఊరొకటి.

జీపులో వచ్చినవాళ్లు బడి పక్కన సంకేతం అందుకునే పదడుగుల గొడుగు యాంటెన్నా ఒకటి బిగించారు. దగ్గరికెళ్లి చూస్తే అచ్చం కోళ్ల దొడ్డికి కట్టే జాలీ! "దీనికి జీపెందుకయ్యా, నన్నడిగితే ఇయ్యకపోదునా" అన్నాడు కోళ్లు పెంచే తాత. పైన తిరిగే ఉపగ్రహానికే ముప్పై అడుగుల యాంటెన్నా పెట్టి సంకేతం గట్టిగా పంపిస్తే, కింద చవక జాలీతో సరిపెట్టుకోవచ్చన్నది అందులోని కిటుకు. ఖర్చంతా ఆకాశంలో పెట్టి ఊళ్లకు భారం తగ్గించడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. టీవీ డబ్బా మన హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో తయారైందే.

1975 ఆగస్టు 1న ప్రసారం మొదలైంది. పొద్దున మనకు పాఠాలు, సాయంత్రం ఊరందరికీ వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు. బొమ్మ ఒకటే పంపి మాట రెండు భాషల్లో పంపే ఏర్పాటుండేది. అందుకే కొన్నిసార్లు పెదాలు కన్నడంలో ఆడేవి, మాట తెలుగులో వినిపించేది. వెనక బెంచీవాళ్లం దాన్ని అనుకరించి సారు చేత తిన్న దెబ్బలు మీకు గుర్తుండే ఉంటాయి. సాయంత్రం హిందీ కార్యక్రమం రాగానే పెద్దలు బీడీలకు లేచేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం కదిలేవాళ్లు కాదు.

1976 జులై 31తో గడువు ముగిసింది. డబ్బా మీద సారు దుప్పటి కప్పారు. మన సొంత టీవీ ఉపగ్రహం ఇన్సాట్-1ఎ 1982లో పైకెళ్లి కొన్ని నెలలకే పాడైంది. మరుసటేడు ఇన్సాట్-1బి నిలబడేసరికి మన బ్యాచ్ బడి వదిలేసి చాలా కాలమైంది.

ఆ గొడుగు పక్కన దిగిన ఫోటో ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి సంచిక కమిటీకి ఇవ్వండి. నా దగ్గర లేదు.