‘ఎడిట్’ అని రాసి సంతకం పెట్టించుకున్నాను: రిక్వైర్‌మెంట్స్ పనిలో నా అనుభవం

సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసిన రిక్వైర్‌మెంట్స్ కాగితాల మీద రెండోసారి సంతకం నిన్న సాయంత్రం అయింది. మొదటి సంతకం పరువు తీసింది.

విజయవాడలో సిమెంటు, ఇనుము అమ్మే హోల్‌సేల్ కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. టర్నోవరు 5 కోట్లు దాటింది కాబట్టి ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయడం, తప్పదు. స్టాకు, ఖాతాదారుల జాబితా, బాకీల రిపోర్టు రెండు పూటల్లో తేలిపోయాయి. పన్ను రేటు మాత్రం కోడ్‌లో రాయకండి, అమల్లోకి వచ్చిన తేదీతో పట్టికలో పెట్టండి. 2025 సెప్టెంబర్ 22న సిమెంటు 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకుముందు అమ్మిన బస్తాలు తర్వాత వెనక్కొస్తే క్రెడిట్ నోటులో (పాత బిల్లు మొత్తం తగ్గిస్తూ ఇచ్చే పత్రం) పాత 28 శాతమే పడాలి.

ఇక రిక్వైర్‌మెంట్స్‌లో 47వ నంబరు. ‘యూజర్ బిల్లును ఎడిట్ చేయగలగాలి’ అని రాశాను. మీటింగులకి వచ్చేది ఓనరుగారి అబ్బాయి. ఏది అడిగినా ‘ఓకే బ్రో’. ఓకే అన్నాడు, సంతకం పెట్టాడు.

డెమో రోజు అకౌంటెంటుగారు కళ్లజోడు సర్దుకుని ముందురోజు బిల్లు తెరిచారు. 300 బస్తాలని 292 చేసి సేవ్ నొక్కారు. అయిపోయింది, ప్రింటూ వచ్చింది. ఆ కాగితం నా ముందు పెట్టి, “ఇక్కడ 292, పోర్టల్లో 300. రేపు నోటీసొస్తే మీరొచ్చి నిలబడతారా సార్?” అన్నారు. హమాలీలు కూడా నవ్వారు. నా దగ్గర జవాబు లేదు.

ఐఆర్ఎన్ (బిల్లు నమోదయ్యాక పోర్టల్ ఇచ్చే గుర్తింపు నంబరు) పడ్డాక పోర్టల్లో బిల్లు దిద్దడం కుదరదు. 24 గంటల్లోపు రద్దు చేయొచ్చు, అంతే. రద్దయిన బిల్లు నంబరు మళ్లీ వాడలేం. ఆ బిల్లు మీద ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి తీసే పత్రం) నడుస్తుంటే ముందు దాన్ని రద్దు చేయాలి. దారిలో అధికారి దాన్ని తనిఖీ చేసేస్తే అదీ కుదరదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ‘ఎడిట్’ అని రాశాను, అదీ సిగ్గు.

మర్నాడు అకౌంటెంటుగారి పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. ‘మీకేం కావాలి’ అని అడగలేదు. గత నెలలో ఎర్రపెన్నుతో దిద్దిన బిల్లుల కట్ట ఇమ్మన్నాను. 23 ఉన్నాయి. 11 లారీ నంబరు మారినవి: వీటికి బిల్లు ముట్టుకోనక్కర్లేదు, ఈ-వే బిల్లు పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కిస్తే చాలు. 7 చిరిగిన, గడ్డకట్టిన బస్తాలు వెనక్కొచ్చినవి: క్రెడిట్ నోటు, దానికీ ఐఆర్ఎన్ తీయాలి. 3 కొనేవారి జీఎస్టీ నంబరు తప్పు పడ్డవి: 24 గంటల్లోపైతే రద్దు, కొత్త బిల్లు నంబరుతో మళ్లీ బిల్లు, దాటితే మొత్తానికి క్రెడిట్ నోటు, అసలు మనిషికి వేరే బిల్లు. చివరి 2 రేటు తప్పులు, ఐఆర్ఎన్ తీయకముందే చూసుకున్నవి. నిజమైన ఎడిట్ ఆ రెండే.

అందుకే 47ని 47-ఎ నుంచి 47-డి దాకా విడగొట్టాను. ప్రతిదానికీ మూడు ముక్కలు: బిల్లు ఏ స్థితిలో ఉంది, ఎవరు నొక్కుతారు, తర్వాత పోర్టల్లో ఏం కనబడాలి. కింద ఆ కట్టలోంచి ఒక బిల్లు జిరాక్సు. అదే టెస్ట్ కేసు. ‘చేయగలగాలి’ అన్న మాట కనబడితే కొట్టేయండి, దాని వెనక ఎప్పుడూ రెండు మూడు పనులు దాక్కుని ఉంటాయి.

మా మేనేజరు దీన్ని చేంజ్ రిక్వెస్టుగా, అంటే కస్టమరు తర్వాత కోరిన మార్పుగా, రాసి డబ్బులడుగుదామన్నారు. ఆయన టెంప్లేట్‌లో 40 పేజీలున్నాయి, అకౌంటెంటు పేరు రాసే గడి మాత్రం లేదు. నేను ఒప్పుకోలేదు. అడగని తప్పు మనది, బిల్లు వాళ్లకా? చేంజ్ లాగ్‌లో తేదీ, కారణం, అడిగినవారి పేరు రాసి పాత వాక్యాన్ని చెరపకుండా కొట్టివేతతో ఉంచాను.

నిన్న సంతకం ముందు అకౌంటెంటుగారు మళ్లీ ఒక ప్రశ్న వేశారు: “బిల్లు పొద్దున పదింటికి కొట్టి, ఐఆర్ఎన్ సాయంత్రం ఆరింటికి తీస్తాం. 24 గంటలు ఎప్పట్నుంచి?” ఐఆర్ఎన్ పడ్డ గడియ నుంచి. బిల్లు మీది టైము కాదు. అది 47-ఇ అయింది. దాని కిందే ఈసారి ఆయన సంతకం.