జొన్నరొట్టెల బీటు

ఇవ్వాళ పెద్దగా ఏం కాలేదు కానీ రాసుకోకుండ పడుకోబుద్ధి అయితలేదు.

సాయంత్రం రాయదుర్గంల మెట్రో ఎక్కేసరికే వాన, అమీర్‌పేట్‌ల దిగి ఎల్బీనగర్ ట్రైన్ మారితే కాలు పెట్టే జాగా లేదు, తడిసిన గొడుగులు, బ్యాగులు, ఎవరిదో మోచెయ్యి నా పక్కటెముకల్ల. చెవులల్ల మాత్రం డె లా సోల్ అనే అమెరికా హిప్-హాప్ గ్రూపు పాటలు. 1989ల వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్. అందులో వాడిన పాత రికార్డుల ముక్కల హక్కుల గొడవతోని అది స్ట్రీమింగ్‌ల రానీకి 2023 మార్చి దాకా పట్టింది, వాళ్ళల్ల ఒకడు, డేవ్, ఆ ఫిబ్రవరిలనే చనిపోయిండు. ఇంకొన్ని రోజులుంటే చూసుకునేటోడు కదా అని ఆయన గొంతు వచ్చినప్పుడల్లా అనిపిస్తది. పాటలేమో ఎంత హుషారుగ ఉంటయో, కాలేజీ క్యాంటీన్ల దోస్తులు ఒకర్నొకరు ఆటపట్టించుకున్నట్టే. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి ఆఫీసు చిరాకంతా పోయింది.

ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద స్పీకర్ పెట్టి పీట్ రాక్ అనే హిప్-హాప్ ప్రొడ్యూసర్ బీట్స్ వేసిన. అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంది. "ఏందిరా చర్ చర్ అంటుంది, స్పీకర్ ఖరాబైందా?" అన్నది. కాదమ్మా, అదే దీని అందం అని కూసొని చెప్పిన. 1987ల ఎస్పీ-1200 అని, పాత రికార్డుల ముక్కలు ఎక్కించుకొని బీట్స్ చేసే మిషన్ ఒకటి వచ్చింది, దాంట్ల మొత్తం కలిపినా 10 సెకన్ల సౌండే పడుతది, అందుకని 33 స్పీడ్‌ల తిప్పాల్సిన రికార్డుని 45ల తిప్పి గబగబా ఎక్కించుకొని, మళ్ళ మిషన్ల స్లో చేసేటోళ్ళు, అట్ల చేస్తే సౌండ్ కొంచెం గరుకుగ అయితది, డ్రమ్ము గుండె మీద కొట్టినట్టు వినిపిస్తది. ఆ గరుకంటే నాకు ప్రాణం.

అమ్మ పిండి పిసుకుతనే, "అంటే పాత చీరలతోని బొంత కుట్టినట్టా?" అన్నది.

అంతే! శాంపిల్ అంటే పాత పాట ముక్క, లూప్ అంటే దాన్నే మళ్ళ మళ్ళ తిప్పుడు అనుకుంట ఎంతమంది దోస్తులకు ఎన్నిసార్లు చెప్పిననో, ఒక్కసారి కూడా ఇంత మంచిగ చెప్పలేకపోయిన. నానమ్మ బొంత యాదికొచ్చింది, అందులో అమ్మ పెండ్లినాటి ఆకుపచ్చ చీర ముక్క ఒకటుండె, చిన్నప్పుడు దాని జరీ అంచు పట్టుకునే పడుకునేటోన్ని.

ఇంకో పాట మొదలైంది. తీన్మార్ అయితే కాళ్ళు ఆగవు, దీనికి మెడ ఆగదు, నేను ఊపుకుంట కూసున్న. అప్పుడు చూసిన అమ్మ చేతులు. పీట మీద పిండి, ఎడమ చేతితోని తిప్పుడు, కుడి చేతితోని తట్టుడు, టప్ టప్, టప్ టప్, సరిగ్గ డ్రమ్ము మీదనే పడుతున్నయ్. ఆమెకు తెల్వదు. చెప్తే ఆగిపోతదేమోనని నేను చెప్పలే. పెనం మీద రొట్టె పొంగింది, తడిగుడ్డతోని ఒత్తి తీసి పక్కకు పెట్టింది, పాట కూడా అయిపోయింది.

"గట్లాంటిదే ఇంకోటి పెట్టు, ఇంకా నాలుగు రొట్టెలున్నయ్."