కొత్త హెడ్లు బిగించాక కారిన కూలెంట్: నా అనుభవం

పాత వీ8 ఇంజన్‌కు కొత్త అల్యూమినియం హెడ్లు (సిలిండర్ల మీద మూతల్లా కూర్చునేవి) బిగించి ఆ సాయంత్రమే స్టార్ట్ చేశాను. చప్పుడు ముచ్చటగా ఉంది. అరగంట నడిపి, ఆపేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున చూస్తే బండి కింద అరచేతి వెడల్పున పచ్చటి మడుగు. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు.

ఇంజన్ షెవ్రొలే స్మాల్ బ్లాక్ 350, అంటే 5.7 లీటర్లు. 1955లో మొదలైన ఇంజన్ వంశం కాబట్టి దానికి బయటి తయారీ హెడ్లకు కొదవ లేదు. సిలిండర్లుండే బ్లాక్ ఇనుము, నేను పెట్టిన హెడ్లు అల్యూమినియం. అనుమానం నేరుగా హెడ్డు మీదికే పోయింది. బయటి సరుకు కదా, పోతలోనే ఎక్కడో బెజ్జం ఉండి ఉంటుంది అనుకున్నాను. అది కాకపోతే హెడ్డుకూ బ్లాక్‌కూ మధ్య కారకుండా పెట్టే హెడ్ గాస్కెట్. ఏదైనా మళ్లీ మొత్తం విప్పాల్సిందే. ఆ టెన్షన్‌లో ఒక రోజంతా బండి దగ్గరికే పోలేదు.

తర్వాత కాస్త స్థిమితపడి ప్రెషర్ టెస్టర్ తెచ్చాను. ఈ పరీక్ష ఇంజన్ బాగా చల్లారాకే చెయ్యాలి. వేడి మీద లోహం వ్యాకోచించి సన్నటి సందులు మూసుకుపోతాయి, బయటికొచ్చిన చుక్క కూడా కనపడకుండా ఆవిరైపోతుంది. నా బండి నడుస్తున్నంతసేపూ పొడిగా ఉండి, రాత్రంతా కారింది అందుకే. రేడియేటర్ మూత తీసి, టెస్టర్ తగిలించి 15 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టాను. నా మూత మీద రాసి ఉన్నది అంతే, దాన్ని మించి కొడితే రేడియేటర్‌కే ముప్పు. పది నిమిషాల్లో ముల్లు 11కి దిగింది.

టిష్యూ పేపర్‌ను వత్తిలా నులిమి, స్పార్క్ ప్లగ్గుల పక్కనున్న కింది వరస బోల్టుల తలల చుట్టూ అద్దుకుంటూ పోయాను. మూడో బోల్టు దగ్గర పేపర్ కొస పచ్చబడింది. తుడిచేసి, టార్చి వేసి అలాగే చూస్తూ కూర్చున్నాను. బోల్టు తల వాషర్ మీద ఆనే చోట గుండుసూది తలంత చుక్క ఊరింది. మెల్లగా లావెక్కి, కాసేపు అక్కడే వేలాడి, జారిపోయింది. దాని వెనకే ఇంకోటి. గాస్కెట్ అంచు మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడిగా ఉంది.

తప్పు నాదే. ఈ ఇంజన్‌లో ఒక్కో హెడ్డుకు 17 బోల్టులు. వాటి రంధ్రాలు బ్లాక్‌లోని నీటి గదిలోకి తెరుచుకుని ఉంటాయి. బోల్టు మరలకు సీలెంట్, అంటే సందులు మూసే పేస్టు, రాయకపోతే నీళ్లు ఆ మరల వెంబడే పైకి పాకుతాయి. నేను అంతకుముందు పని చేసిన ఇంజన్‌లో రంధ్రాల అడుగు మూసి ఉండేది, అక్కడ మరలకు నూనె రాస్తే చాలు. ఆ అలవాటుతో ఇక్కడా నూనే రాశాను. హెడ్లతో వచ్చిన కాగితంలో సీలెంట్ సంగతి స్పష్టంగా ఉంది. నేను అందులో టార్క్ అంకె, అంటే ఎంత బలంగా బిగించాలన్నది, ఒక్కటే చూసి కాగితం మడిచి పెట్టేశాను.

కింది వరస బయటికి కారింది కాబట్టి కనపడింది. మిగతా బోల్టుల తలలు హెడ్డు పైనున్న టాపెట్ కవర్ కింద ఉంటాయి. అవి కారితే నీళ్లు పోయేది ఆయిల్‌లోకే. నూనె మూత కింద మీగడలాంటి తెట్టు చూసి చాలామంది హడలిపోతారు గానీ, చలికి పట్టిన చెమ్మ వల్ల కూడా అది వస్తుంది. నేను నమ్మేది ఇంజన్ అడుగున నూనె నిలిచే సంపుకున్న ప్లగ్గునే. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి ప్లగ్గు కొద్దిగా వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. నాకు రెండు చెంచాల పచ్చనీళ్లు వచ్చాకే నూనె వచ్చింది.

బోల్టులు ఒక్కొక్కటే తీసి, సీలెంట్ రాసి, మళ్లీ బిగించే పద్ధతి కూడా ఉంది. ఆయిల్ శుభ్రంగా ఉంటే నేనూ అలాగే కానిచ్చేసేవాణ్ణి. నీళ్లు లోపలికి చేరాక ఎందుకు వచ్చాయో చూడకుండా మూసేయడానికి మనసొప్పలేదు. రెండు హెడ్ల మధ్య కూర్చుని సిలిండర్లకు గాలి అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాను. ముందు వైపు నీటి దారి చుట్టూ గాస్కెట్ మీద అచ్చు సగమే పడి ఉంది, మిగతా సగం నలగనే లేదు. రెండో దొంగ ఇక్కడ దొరికాడు. ఇక హెడ్లు కూడా దింపేశాను.

దింపేటప్పుడు ఒక పొరపాటు. రేడియేటర్ ఖాళీ చేస్తే బ్లాక్ ఖాళీ కాదు. బ్లాక్‌కు రెండు వైపులా కింద వేరే ప్లగ్గులుంటాయి. ఒక వైపుది తీశాను గానీ చుక్క రాలేదు, ఏమీ లేదనుకున్నాను. రంధ్రానికి తుప్పు అడ్డుపడిందని హెడ్డు ఎత్తాక సిలిండర్లలోకి నీళ్లు జారుతుంటే తెలిసింది. గబగబా తుడిచి, సిలిండర్ గోడలకు నూనె పట్టించి, అప్పుడు తీగతో పొడిస్తే బ్లాక్ ఖాళీ అయింది.

శుభ్రం చేయడానికే ఎక్కువ సమయం పట్టింది. బ్లాక్ మరల్లో పాత నూనె మిగిలితే సీలెంట్ పట్టదు. వాటిని థ్రెడ్ చేజర్‌తో (మరలను కోయకుండా శుభ్రం చేసే పనిముట్టు) తుడవాలి. మామూలు ట్యాప్ దింపితే లోహాన్నే కోసి మరలు వదులు చేస్తుంది. ఆపైన బ్రేక్ క్లీనర్, గాలి. గాస్కెట్ కూర్చునే చోట గరుకు డిస్కు జోలికి పోలేదు, ఆ పొడి బేరింగుల్లోకి చేరితే ఇంజన్ పోయినట్టే. హెడ్లు వంగాయేమోనని స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి బద్ద) పెట్టి చూస్తే దాని కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ రేకు ఎక్కడా దూరలేదు. పాపం, హెడ్లు మొదటినుంచీ బాగానే ఉన్నాయి.

ఈసారి మరలకు టెఫ్లాన్ పేస్టు చుట్టూతా రాసి, నూనె మాత్రం బోల్టు తలకూ వాషర్‌కూ మధ్యనే పెట్టాను. అల్యూమినియం మీద బోల్టు తల నేరుగా తిరిగితే లోహాన్ని గీరేస్తుంది, గట్టి వాషర్ తప్పనిసరి. మధ్య నుంచి చివరలకు, మూడు విడతల్లో, కాగితంలో చెప్పిన 65 అడుగు పౌండ్ల దాకా బిగించాను. మానిఫోల్డ్‌ను ముందు గాస్కెట్ లేకుండా పెట్టి కూర్చునే కోణం చూసుకున్నాను. బ్లాక్ ముందూ వెనకా గోడల మీద నేను వాడిన కార్కు పట్టీలు మందంగా ఉండి, దాన్ని పైకెత్తి పట్టాయి. అవి తీసేసి ఆర్‌టీవీ అనే రబ్బరు సీలెంట్ గీత వేశాను, నీటి దారుల చుట్టూ పల్చటి పూత.

టెంపరేచర్ సెన్సర్ కూడా ఆటాడించింది. మొదటిసారి దాని మరలకు టేపు దండిగా చుట్టాను. కారలేదు గానీ గేజ్ ముల్లు కదల్లేదు. ఒకే వైరున్న సెన్సర్‌కు ఎర్త్ అందేది ఆ మరల నుంచే. టేపు ఊడదీసి కొద్దిగా పేస్టు రాశాక ముల్లు లేచింది.

సీలెంట్ ఆరడానికి రాత్రంతా వదిలేసి, పొద్దున నీళ్లు నింపి మళ్లీ 15 కొట్టాను. ముల్లు దిగడం మొదలైంది! గుండె జారిపోయింది. వెతికితే పై గొట్టం క్లిప్పు బిగించలేదు. దాన్ని రెండు తిప్పులు తిప్పాక అరగంటైనా ముల్లు 15 దగ్గరే ఉంది.

ఆయిల్, ఫిల్టర్ మార్చి కాసేపు నడిపి, లోపల మిగిలిన తడి కూడా పోవాలని మళ్లీ మార్చాను. వారం తిరిగాక, ఒక రాత్రి కదపకుండా ఉంచి, పొద్దున్నే సంపు ప్లగ్గు వదులు చేశాను. ముందు పడింది నూనె చుక్కే.