గుండెకు తోడుగా పంపు

ఎకో స్కాన్‌లో నా గుండె పంపింగ్ 15 శాతమే అని తేలేనాటికి నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. మందులతో ఇక లాభం లేదని, దాత గుండె దొరికేదాకా ఎల్‌వీఏడీ, అంటే గుండె ఎడమ వైపుకు సాయపడే పంపు, పెడదామని డాక్టర్లు అన్నారు. గుండె ఎడమ కింది గది, అంటే ఎడమ జఠరిక, కొసన పంపు బిగించి, దాని గొట్టాన్ని ఒంటికంతా రక్తం తీసుకెళ్ళే బృహద్ధమనికి కుడతారు. లోపలి చక్రం అయస్కాంత శక్తితో దేనికీ తగలకుండా తేలుతూ, నిమిషానికి 5 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. దేనికీ రాసుకోదు కాబట్టి అరుగుదల ఉండదు, రక్తకణాలూ అంతగా నలగవు.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగేది తక్కువ. హార్ట్-లంగ్ మెషీన్ మీద పెట్టారట, మెలకువ వచ్చేసరికి ఐసీయూలో ఉన్నాను. అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఈ పంపు ఎడమ వైపుకే సాయం. అది జోరుగా తోసిన రక్తమంతా తిరిగి కుడి వైపుకే వస్తుంది కదా, ఆ భారాన్ని కుడి జఠరిక మోయగలదా అని మొదట్లో డాక్టర్ల చూపంతా దాని మీదే.

కొత్తగా డ్యూటీకి వచ్చిన నర్సమ్మ నా మణికట్టు పట్టుకుని కంగారుపడింది. పంపు ఆగకుండా తోస్తుంటే నాడి తెలియదు మరి! బీపీ కూడా రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్‌తోనే చూస్తారు. కఫ్ గాలి వదులుతుండగా ‘సుయ్’మని శబ్దం ఎక్కడ మొదలైతే అదే అంకె.

ఇంటికి పంపేముందు నాకూ మా ఆవిడకూ పరీక్ష పెట్టారు. పంపును నడిపే బ్యాటరీలు రెండు, ఒంటి బయటే ఉంటాయి. ఒకటి మార్చి, క్లిప్‌లో ‘టక్’మని పడ్డాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. రెండూ ఒకేసారి తీయకూడదు. మా ఆవిడ చకచకా చేసేసింది, నాకే చేతులు వణికాయి. రాత్రి పడుకునేటప్పుడు గోడ కరెంటుకే కలుపుకుంటాను. బ్యాటరీ అయిపోతోందన్న అలారం నిద్రలో వినపడకపోతే కష్టం.

నన్నడిగితే బ్యాటరీల కన్నా పంపు నుంచి పొట్ట మీదుగా బయటికొచ్చే కరెంటు వైరుకే ఎక్కువ భయపడాలి. అక్కడ ఇన్‌ఫెక్షన్ వస్తే పంపు దాకా పాకుతుంది. అందుకే మాస్కు, స్టెరైల్ గ్లవ్స్ లేకుండా డ్రెస్సింగ్ విప్పం. వైరు లాగుడు పడకుండా పొట్టకు పట్టీ ఉంటుంది.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటూ, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకెను 2, 3 మధ్య ఉంచుకుంటున్నాను. ఎంఆర్‌ఐ, ఈత రెండూ నిషేధమే. గాయం మానాక, పరికరాలకు నీళ్ళు తగలని సంచి ఇచ్చి స్నానానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను. దాత గుండె కోసం జాబితాలో నా పేరు ఇంకా ఉంది.