బల్ల ఎంత పొడవు?

పడుకుందామనుకుంటే యూదు రచయిత్రి ఇడా ఫింక్ రాసిన ఒక చిన్న నాటకం బుర్రలోంచి పోవట్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకి ఒక ప్రాసిక్యూటర్ బతికి బయటపడ్డ యూదులను పిలిచి ప్రశ్నలు వేస్తుంటాడు. యుద్ధం రోజుల్లో ఒకనాడు వాళ్ల ఊరి కూడలిలో జర్మన్లు బల్ల వేసుకు కూర్చుని, పనికి పోయేదెవరో చావుకి పోయేదెవరో తేల్చారు. ఈయనకి కావాల్సింది ఆ బల్ల. ఎంత పొడవు? ఎంతమంది కూర్చున్నారు? సాక్షులు పోయినవాళ్ల గురించి చెప్పబోతే మళ్లీ బల్ల దగ్గరికే లాగుతాడు. ఒకరు చెప్పింది ఇంకొకరితో కలవదు. మొదటిసారి చదివినప్పుడు అతన్ని పట్టుకుని ఊపెయ్యాలనిపించింది.

ఇవాళ భోజనాల దగ్గర బావగారూ అంతే. అత్తయ్య 77 ఉప్పెన సంగతి ఎత్తుకుని, నీళ్లు తాటిచెట్టు మొవ్వు దాకా వచ్చాయన్నారు. "ఎన్ని అడుగులమ్మా, సరిగ్గా చెప్పు" అని ఫోన్ తీశారీయన. చూసి, "అంత లేదే" అని తేల్చేశారు. ఆవిడ పాలు తోడెయ్యాలంటూ లేచిపోయారు. తర్వాత వంటింట్లో గేదె ఈదుకొచ్చిన కథ నాకొక్కదానికే చెప్పారు, అది వేరే సంగతి. కానీ కంచం ముందు కూర్చుని కన్నతల్లిని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యడమేమిటండీ!

ఉప్పెనని ఆ మారణకాండతో పోల్చడం లేదు. నీళ్లు ఎవరినీ ఏరి చంపలేదు.

రాస్తుంటే ఇంకోటి తోస్తోంది. ఫింక్ 1921లో జ్బారాజ్‌లో పుట్టారు. అప్పుడది పోలండ్, ఇప్పుడు ఉక్రెయిన్. సంగీతం చదువుతుండగా యుద్ధం వచ్చిపడింది. 1942లో అక్కచెల్లెళ్లిద్దరూ ఘెట్టో నుంచి, అంటే యూదులను నిర్బంధించి ఉంచిన వాడ నుంచి, తప్పించుకుని, దొంగ కాగితాలతో జర్మనీకే పోయి, యూదులమని తెలియనివ్వకుండా కూలిపని చేస్తూ బతికారు. 1957లో ఇజ్రాయెల్ వెళ్లాక, కథలు పోలిష్‌లో రాసుకుంటూనే, ఆ మారణకాండ జ్ఞాపకాలను భద్రపరిచే యాద్ వషెమ్ సంస్థ కోసం తనలాంటివాళ్ల సాక్ష్యాలు రాసుకునే పనిలో చేరారు. అంటే ప్రశ్నలడిగే కుర్చీలో తనూ కూర్చున్నారు. ఏ ఊరు, ఏ నెల, ఎవరు కాల్చారు అని అడగకుండా ఆ పని సాగుతుందా? అడక్కపోతే హంతకుడు కోర్టులోంచి నవ్వుకుంటూ బయటికొస్తాడు. నాటకంలో ప్రాసిక్యూటర్‌ని ఆవిడ రాక్షసుడిలా ఎందుకు రాయలేదో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. అతని మీద కోపం సగం పోయింది.

బావగారి మీద మాత్రం పోలేదు. ఆ ప్రాసిక్యూటర్‌కి పట్టుకోవాల్సిన హంతకుడున్నాడు. ఈయన ఎవరిని పట్టుకుందామని?