నీడ ఎక్కడ పడుకుంటుంది?

ఆదివారం. రాత్రి పది దాటింది.

ఈ రోజు ఏం చేశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బట్టలు ఉతికి ఆరేశాను, ఆరినవి మడత పెట్టాను, ఇల్లు సర్దాను, సర్దిన ఇల్లే మళ్ళీ సర్దాను. కానీ పిల్లలిద్దరూ ఇవాళ అన్న మాటలు మాత్రం పడుకునేలోపు రాసిపెట్టుకోవాలి. తెల్లారితే విషయం గుర్తుంటుంది గానీ మాట గుర్తుండదు. అందమంతా ఆ మాటలోనే, ఆ వరసలోనే ఉంటుంది. దాన్ని నేను సరిచేసి రాశానంటే ఇక అది నా మాట అయిపోతుంది, వాళ్ళది కాదు.

పెద్దదానికి ఇంకొన్నాళ్ళలో ఐదు నిండుతాయి. చిన్నవాడికి రెండున్నర.

పొద్దున ముందు లేచింది వాడే. కిటికీలోంచి మొహం మీద వెలుతురు పడుతుంటే కళ్ళు నులుముకుంటూ అడిగాడు. "అమ్మా, పొద్దున ఎవలు వేశాలు?"

గదిలో లైటు ఎవరో ఒకరు వేస్తేనే వెలుగుతుంది. మరి ఇంత పెద్ద వెలుతురు దానంతటది ఎలా వస్తుంది? "నాన్న వేశాడా?" అన్నాడు మళ్ళీ. వాళ్ళ నాన్న ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. అటు ఓసారి పరీక్షగా చూసి, "నాన్న కాదు" అని వాడే తేల్చేశాడు. ఎవరు వేశారన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే అనే ఆయన 1920లలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇలాంటివే అడిగాడు. సూర్యుడు ఎలా వచ్చాడు, తను వీస్తున్నట్టు గాలికి తెలుసా, చంద్రుడు మన వెంటే ఎందుకు వస్తాడు అని. లోకంలో ఉన్నవన్నీ ఎవరో చేసిపెట్టారనీ, కదిలే వాటన్నిటికీ ప్రాణం ఉందనీ చిన్న పిల్లల్లో చాలామంది అనుకుంటున్నారని ఆయన గమనించాడు. అన్నిటికీ ప్రాణం ఉందనుకోవడాన్ని మన పాఠ్యపుస్తకాల్లో సర్వాత్మవాదం అంటారు. టీచర్ ట్రైనింగ్ చదివిన వాళ్ళందరూ ఆ మాట బట్టీ పట్టే ఉంటారు. దాన్ని దగ్గర నుంచి చూడాలంటే మా పెద్దది కుర్చీతో మాట్లాడుతున్నప్పుడు రావాలి. తమ్ముడు పరిగెత్తుతూ వెళ్ళి కుర్చీని గుద్దుకుంటే, వాడు ఏడవడం మొదలుపెట్టేలోపే అది కుర్చీ దగ్గరికి వెళ్ళి, "నీక్కూడా తగిలిందా?" అని అడిగింది.

చీమలతో అయితే ఇంకా మర్యాద. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "చీమగారూ, కొంచెం పక్కకి జరగండి. మా తమ్ముడికి చూసుకోవడం రాదు" అంటోంది. చీమకి "గారు", "అండి" అన్నీ ఉన్నాయి. వాళ్ళ నాన్నమ్మకి మాత్రం "నువ్వు". అదే మాట అత్తయ్యతో అంటే ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "నేను దానికి దగ్గరదాన్నే. చీమ కొత్త కదా" అన్నారు. ఎంత బాగా చెప్పారో!

పళ్ళు తోముకున్నాక పెద్దది అద్దం ముందు నోరు తెరిచి లెక్క పెట్టుకుంది. వేలు లోపల పెట్టుకునే లెక్క కాబట్టి అంకెలు సరిగ్గా వినపడలేదు. చివరికి వేలు తీసి ప్రకటించింది. "నాకు చాలా పన్నులు ఉన్నాయి!"

వాళ్ళ నాన్న పేపర్ వెనక నుంచి "నాకూ ఉన్నాయి తల్లీ" అన్నారు. అది ఆయన దగ్గరికి వెళ్ళి నోరు తెరిపించి చూసి వచ్చింది.

నాకు ఇందులో నచ్చింది వేరే. మా ఇంట్లో ఎవరూ "పన్నులు" అని ఆ అర్థంలో అనరు. అది విన్నమాట కాదు, తనే తయారు చేసుకున్న మాట. చెవి అయితే చెవులు, పెదవి అయితే పెదవులు, మరి పన్ను అయితే? చిన్నవాడు విన్నది విన్నట్టు అంటాడు కాబట్టి వాడు చక్కగా "పల్లు" అనే అంటాడు. పైకి చూస్తే వాడిదే ఒప్పు, దానిది తప్పు. కానీ దాని తప్పు వెనక ఒక సూత్రం ఉంది. వాడికి ఇంకా ఆ సూత్రం అందలేదు. అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ 1958లో దీన్నే ఒక బొమ్మతో చూపించారు. లేని పిట్ట ఒకదాన్ని గీసి దాని పేరు "వగ్" అని చెప్పి, ఇలాంటివి రెండు ఉంటే ఏమంటారని పిల్లల్ని అడిగారు. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వినని మాట. అయినా చాలామంది పిల్లలు తడుముకోకుండా "వగ్స్" అన్నారు. అందుకే మా పెద్దది "పన్నులు" అన్నప్పుడు నేను దిద్దను. "అవును, నీ పళ్ళు తెల్లగా ఉన్నాయి" అని మామూలుగా మాట కలుపుతాను. అది ఒకనాటికి దానంతటదే మారిపోతుంది. మారిపోతుందని తెలిసే ఇంత ఆత్రంగా రాసుకుంటున్నాను.

పదకొండింటికి మా నాన్న ఫోన్ చేశారు. వీడియో కాదు, మామూలు కాల్. చిన్నవాడు ఫోన్‌ని రెండు చేతులతో చెవికి అదిమి పట్టుకున్నాడు.

"బొమ్మలన్నీ సర్దేశావా నాన్నా?"

వాడు తల ఊపాడు.

"ఏరా, మాట్లాడవేం?"

ఇంకా గట్టిగా ఊపాడు. తాతయ్యకి ఇంకా అర్థం కావట్లేదని ఊపుడు పెంచాడు. తర్వాత ఫోన్ తీసి మోకాలి దగ్గర పెట్టి, "తాతా, ఇదుగో, ఇక్కల దెబ్బ" అని చూపించాడు. అవతల ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అయ్యయ్యో, ఎర్రగా కమిలిపోయిందే! ఊదు నాన్నా, బాగా ఊదు" అన్నారు. వీడు బుగ్గలు పూరించి ఊదుకున్నాడు. ఆ నిమిషంలో మా నాన్న మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

మధ్యాహ్నం ఎవరో తెలిసిన ఆవిడ వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళారు. నేను పన్నుల సంగతి చెప్పకపోయినా అత్తయ్య మురిపెంగా చెప్పేశారు. ఆవిడ పగలబడి నవ్వి, "ఏదీ, ఇంకోసారి అనమ్మా" అన్నారు. పెద్దది నా వెనక్కి వచ్చి చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. ఆవిడ మంచి మనిషే, ముద్దొచ్చే అడిగారు. కానీ నాకు ఇది నచ్చదు. పిల్లలు ఆ మాటలు మనల్ని నవ్వించడానికి అనరు. లోకం ఎలా ఉందో తమకి అర్థమైనంత వరకు నిజాయితీగా చెబుతారు. దాన్ని మళ్ళీ అనమంటే అది మాట్లాడటం కాదు, ఆట చూపించడం అవుతుంది. నవ్వు వస్తే ఆపుకోలేం, నేనూ ఆపుకోలేను. దాంతో కలిసి నవ్వితే చాలు, ఇంకోసారి అడగక్కర్లేదు.

ఆవిడ వెళ్ళాక తల దువ్వుతుంటే పెద్దది ఒక హామీ ఇచ్చింది. "అమ్మా, నువ్వు చిన్నదానివి అయిపోయాక నేను నీకు జడ వేస్తాను. మెల్లిగా వేస్తాను. లాగను."

దాని లెక్కలో పెద్దవడం, చిన్నవడం వంతులవారీగా వస్తాయి. ఇప్పుడు మా వంతు, తర్వాత దాని వంతు. "పెద్దవాళ్ళు మళ్ళీ చిన్నవాళ్ళు అవరు కదమ్మా" అన్నాను. దాని దగ్గర సాక్ష్యం సిద్ధంగా ఉంది. "మరి నాన్నమ్మ అవుతోందిగా?"

అత్తయ్య నిజంగానే ఈ మధ్య కొంచెం పొట్టి అయ్యారు. వయసు మీద పడితే వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు పలచబడి ఎత్తు తగ్గడం మామూలే. ఇంట్లో పెద్దవాళ్ళం ఎవరం పట్టించుకోని సంగతి దీని కంట్లో పడింది. అత్తయ్య మురిసిపోతూ, "అయితే నా వంతు ముందొస్తుంది, నాకే ముందు వెయ్యి" అన్నారు. ఉన్న కాస్త జుట్టుకీ పదిహేను నిమిషాలు పట్టింది జడ. లాగలేదు.

చిన్నవాడికి జరిగిపోయిందంతా "నిన్న"నే. ఇందాక అయినా నిన్నే, పోయిన ఏడాది అయినా నిన్నే. "నిన్న నేను నీ పొత్తలో ఉన్నా కదా" అంటాడు. నాకూ అలాగే అనిపిస్తుంది కాబట్టి దిద్దలేదు.

సాయంత్రం దాగుడుమూతలు. ఈ రోజు మొత్తంలో నేను దాచుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే. చిన్నవాడు దాక్కోవడమంటే హాలు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకోవడం. రెప్పలు బిగించి, వాటి మీద రెండు అరచేతులూ వేసి, ఊపిరి బిగబట్టడంతో పొట్ట ముందుకొచ్చి, ఒక కాలి సాక్సు సగం జారిపోయి నిలబడ్డాడు. అలా నిలబడి "నేను లేను!" అని అరిచాడు.

నేను ఏదో అనబోయాను. పెద్దది గబగబా వచ్చి నా చెవిలో గుసగుసగా చెప్పింది. "అమ్మా, వాడు కనిపిస్తున్నాడని వాడికి తెలీదు. చెప్పకు, పాపం."

చెప్పి, వెతకడం మొదలుపెట్టింది. మంచం కింద చూసింది. కర్టెన్ జరిపి చూసింది. "తమ్ముడు ఎక్కడికెళ్ళాడబ్బా? బకెట్లో ఉన్నాడేమో!" అంటూ బాత్రూమ్ దాకా వెళ్ళి వచ్చింది. వాడి చుట్టూ తిరిగి, వాడికి తగలకుండా జాగ్రత్తగా వొదిగి, వాడి వెనకున్న సోఫా కింద కూడా చూసింది. అరచేతుల కింద వాడి పెదవులు నవ్వుతో వణుకుతున్నాయి. ఇక ఆగలేక చేతులు తీసేసి, "ఇక్కలే ఉన్నా!" అన్నాడు. పెద్దది గుండెల మీద చెయ్యి వేసుకుని ఒకడుగు వెనక్కి వేసింది. "అమ్మో! ఎక్కణ్ణించి వచ్చావురా నువ్వు!"

పిల్లలకి ఈ తెలివి ఎప్పుడొస్తుందన్న దాని మీద విమ్మర్, పెర్నర్ అని ఇద్దరు 1983లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక కుర్రాడు చాక్లెట్ ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్ళమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు మార్చిన చోటే చూపిస్తారు. తమకి తెలిసింది వాడికీ తెలుసనుకుంటారు. నాలుగు, ఐదేళ్ళకి వచ్చేసరికి, పాపం వాడికి తెలీదు కదా అన్నది తడుతుంది. మా దాని గుసగుసలో ఉన్నదీ అదే. కాకపోతే ఆ వ్యాసంలో లేనిది ఇంకోటి ఉంది. తమ్ముడికి తెలియదని కనిపెట్టి, ఆ తెలియకపోవడం చెడిపోకుండా తనే కాపలా కాసింది. ఇది ఎవరు నేర్పారు దానికి? నేనైతే కాదు.

రాత్రి లైటు ఆర్పబోతుంటే "ఆగు" అంది. గోడ మీద తన నీడకి చెయ్యి ఊపింది. "అమ్మా, లైటు తీసేస్తే ఇది ఎక్కడ పడుకుంటుంది?"

ఇలాంటప్పుడు వెంటనే జవాబు చెప్పెయ్యడం నాకు ఇష్టం ఉండదు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. చిన్నవాడు అప్పటికే నిద్రపోయాడు. చివరికి అంది. "చీకటి అంటే పెద్ద నీడ కదా. ఇది దాంట్లోకి వెళ్ళి పడుకుంటుంది."

నాకు కాసేపు మాట రాలేదు. నిజంగా రాత్రంటే అదే! సూర్యుడికి అవతలి వైపు తిరిగిన మనం భూమి నీడలో ఉండటమే రాత్రి. బడిలో ఎప్పుడో చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చే ఉంటాయి. కానీ మంచం మీద పడుకుని పై కప్పు వైపు చూస్తూ ఆ పెద్ద నీడలో మేమందరం ఉన్నామని ఇవాళే అనిపించింది. "అవునమ్మా, చీకటి భూమి నీడే" అన్నాను. "తెలుసు" అని అటు తిరిగి పడుకుంది.

మూడు, మూడున్నరేళ్ళ లోపు జరిగినవి పెద్దయ్యాక మనలో దాదాపు ఎవరికీ గుర్తుండవు. అంటే చిన్నవాడికి ఈ ఆదివారం మొత్తం ఉండదు. పొద్దున్ని ఎవరు వేశారో అడిగినట్టు, ఫోన్‌కి మోకాలు చూపించినట్టు, "నేను లేను" అని అరిచినట్టు ఏదీ ఉండదు. ఫోన్‌లో వాళ్ళ ఫొటోలు వేలల్లో ఉన్నాయి. మాట మాత్రం కెమెరా తీసేలోపు అయిపోతుంది. అందుకే తేదీ వేసి, ఎలా అంటే అలా, "ల"లు "ల"లుగానే రాస్తున్నాను.

ఇంతవరకు రాశానో లేదో పెద్దది నీళ్ళు కావాలని లేచి వచ్చింది. నీళ్ళు తాగి నా పక్కన చేరింది.

"ఏం రాస్తున్నావు?"

"ఇవాళ మీరన్న మాటలు."

"చదువు."

దాగుడుమూతల దగ్గర చదివాను. శ్రద్ధగా విని, "తమ్ముడు దాక్కున్నాడని రాశావా?" అని అడిగింది. రాశానన్నాను.

"కాదమ్మా. దాక్కోలేదు. దాక్కున్నాననుకున్నాడు."

కొట్టేసి, అది చెప్పినట్టే మార్చాను. పక్కనే నిలబడి, నేను మార్చేదాకా చూసి వెళ్ళింది.